ఎవరు ఆగాలి?

ఒకరోజు పొద్దున దోశలు పోస్తుంటే మెల్‌బోర్న్ నుంచి మా అమ్మాయి ఫోన్. మాకు ఎనిమిదైతే వాళ్లకు మధ్యాహ్నం పన్నెండున్నర. ఆఫీసు టైంలో అది చెయ్యదు. ఎత్తగానే ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది.

"ఏమైంది బిడ్డా?"

"డ్రైవింగ్ టెస్టు మళ్ల ఫెయిలైన అమ్మా."

"ఎవరికన్న తాకిచ్చినవా ఏంది?"

"తాకియ్యలే. పోవాల్సిన కాడ ఆగిన."

స్టవ్ ఆపేసి కూర్చున్నాను. ఆగినందుకు కూడా ఫెయిల్ చేస్తారా? మా హనుమకొండలో సందులోంచి రోడ్డు మీదికొచ్చేటప్పుడు ఆగి చూసేవాళ్లు కనబడితే పిలిచి చాయ్ తాగించాలనిపిస్తుంది!

అది చెప్పిన సంగతి ఇది. అక్కడ రౌండెబౌట్ దగ్గర, అప్పటికే లోపల తిరుగుతున్న బండికి బయటి నుంచి వచ్చే బండి దారివ్వాలి. మా అమ్మాయి లోపలే ఉంది. ఎడమవైపు నుంచి ఒక కారు వచ్చి ఆగింది. పాపం వాళ్లను పోనిద్దామని ఇది మధ్యలో బ్రేకు వేసింది. వెనకున్న కారు కీచుమని ఆగింది. అంతే, టెస్టు పోయింది.

నవ్వుదామంటే నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ రోజుల్లోనే నేనూ లర్నర్ లైసెన్సుకు చదువుతున్నాను, నలభై తొమ్మిదేళ్ల వయసులో! అంతకుముందు ఏడు ఒక అర్ధరాత్రి మా ఆయనకు ఛాతీలో నొప్పి వచ్చింది. కారు వాకిట్లోనే ఉంది. నడిపే మనిషి మంచం మీద చెమటలు కక్కుతున్నాడు. పక్కింటి పిల్లగాణ్ణి నిద్రలేపి ఆసుపత్రికి పోయాం. గ్యాస్ నొప్పి అన్నారు కాబట్టి సరిపోయింది. తాళంచెవి చేతిలో పట్టుకుని వాకిట్లో నిలబడ్డ ఆ ఐదు నిమిషాలు మాత్రం నేను మర్చిపోలేదు.

అట్లా తల్లీబిడ్డలం వీడియో కాల్‌లో కలిసి చదువుకున్నాం. దాని ప్రశ్నలు వింటే నాకు తల తిరిగేది. మెల్‌బోర్న్ నడిబొడ్డున రోడ్డు మధ్యలో ట్రాములు పోతాయి కదా, వాటికి అడ్డం రాకుండా కొన్ని కూడళ్లలో కుడికి తిరగాలంటే ఎడమ చివరికి పోయి నిలబడాలట! అడ్డరోడ్డుకు పచ్చలైటు పడ్డాక అప్పుడు కుడికి తిరగాలి. హుక్ టర్న్ అంటారు. ట్రాము ఆగి జనం రోడ్డు మీదికి దిగుతుంటే తలుపులు మూసి, జనం పక్కకు పోయేదాకా వెనకే ఆగాలి. బడి దగ్గర పిల్లల టైంలో నలభై దాటొద్దు. 1999లో దేశమంతటికీ ఒక నమూనా రూల్స్ రాసుకున్నా రాష్ట్రానికో తేడా ఉంది. సిగ్నల్ దగ్గర యూటర్న్, వద్దని బోర్డు లేకపోతే మెల్‌బోర్న్‌లో తీసుకోవచ్చు. సిడ్నీలోనేమో తీసుకోవచ్చని బోర్డు ఉంటేనే తీసుకోవాలి. అక్కడే పుట్టి పెరిగినవాళ్లు కూడా వీటి గురించి వాదులాడుకుంటారట.

"మీకు నయమమ్మా, మీకాడ రూల్స్ లేవు" అన్నది.

నేనూ అదే అనుకున్నా. పుస్తకం తెరిచాక సిగ్గేసింది. సిగ్నలూ పోలీసూ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చే బండికి దారివ్వాలి, చిన్నరోడ్డు నుంచి మెయిన్ రోడ్డెక్కేవాళ్లు మెయిన్ రోడ్డువాళ్లకు ఆగాలి అని మనకూ ఉంది. 1989 నుంచీ ఉంది. 2017లో ఆ నిబంధనలను కొత్తగా రాశారు కూడా. బోర్డో గుర్తో లేకపోతే ఎర్రలైటు దగ్గర ఎడమకు తిరిగేవాళ్లూ ఆగాల్సిందే. మనం ఫ్రీ లెఫ్ట్‌ను పుట్టుకతో వచ్చిన హక్కనుకుంటాం! నూటికి అరవై వస్తే లర్నర్ పాసు. పాసయ్యాను. ఎర్ర ఎల్ అక్షరం అంటించుకుని, పక్కన మా ఆయనను కూర్చోబెట్టుకుని పొద్దున్నే నేర్చుకోవడం మొదలుపెట్టాను.

మూడో వారంలో జరిగిందది. మా కాలనీ వెనక చిన్న చౌరస్తా. నా ఎడమవైపు నుంచి స్కూటీ మీద ఒకామె, ముందర నిలబడ్డ ఏడేళ్ల పిల్లగాడు, వాడి వీపున బడి సంచి. ఆమెకు నేను కుడిపక్క, కాబట్టి ఆమె ఆగాలి. ఆగింది కూడా. నేనేం చేశాను? బడికి లేటైతదేమోనని నేనూ ఆగి, పొమ్మని చెయ్యి ఊపాను. ఆమె నవ్వి కదిలింది. నేనెందుకు ఆగానో తెలియని ఆటో ఒకటి నా కుడిపక్క నుంచి దూసుకొచ్చింది.

స్కూటీ ముందు చక్రానికి తగిలింది. ఇద్దరూ పడ్డారు. పిల్లగాడి మోకాలు గీసుకుపోయింది, అద్దం పగిలింది. అంతకంటే ఏమీ కాలేదు. వణుకుతూ దిగి వాణ్ణి ఎత్తుకున్నాను. ఆమె నన్ను తిట్టలేదు.

"నువ్వు పొమ్మంటెనే వచ్చిన అక్కా" అన్నది, అంతే.

ఆ రోజు అన్నం తినబుద్ధి కాలేదు. రాత్రి అమ్మాయికి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా ఇన్‌స్ట్రక్టర్ గూడ అదే చెప్పిండమ్మా. చెయ్యి ఊపొద్దు, నీ వెనకాల ఏమొస్తుందో నీ చేతికి కనబడదు అన్నడు" అన్నది.

పెళ్లయినప్పటి నుంచీ మా ఇంట్లో అన్నిటికీ ఆగేది నేనే. స్నానానికి ఆఖరు, పేపరుకు ఆఖరు, కూరకు అడుగున మిగిలింది. అదే మంచితనమనుకున్నాను. చెప్పకుండానే బిడ్డకూ అదే నేర్పాను. ఇంట్లో సంగతి ఎట్లున్నా, రోడ్డు మీద అది మంచితనం కాదని ఆ మోకాలు చూశాక తెలిసింది. అక్కడ ఆస్ట్రేలియా రూల్స్‌లో ఎవరికి హక్కుందని రాయరట, ఎవరు ఆగాలనే రాస్తారట. ఆగాల్సినవాళ్లు ఆగాలి, వంతు వచ్చినవాళ్లు చూసుకుని కదలాలి. ఎదుటివాళ్లు మనం ఏం చేస్తామని అనుకుంటారో అది చెయ్యడమే అక్కడ వాళ్లకు మనమిచ్చే మర్యాద.

అమ్మాయి మూడోసారి పాసైంది. నాకూ లైసెన్సు చేతికొచ్చింది. పిల్లగాణ్ణి చూడ్డానికి పండ్లు పట్టుకుని పోతే, మానిన మోకాలు గొప్పగా చూపించాడు.

పోయిన వారం అదే చౌరస్తాలో మళ్లీ ఆ స్కూటీ ఎదురైంది. ఆమె ఆగింది. నా చెయ్యి స్టీరింగ్ మీద నుంచి లేవబోయింది, గట్టిగా పట్టుకున్నాను. కుడికి చూసి, ఎదురుగా చూసి, మెల్లగా దాటాను. అద్దంలో చూస్తే ఆమె కూడా అటూ ఇటూ చూసుకుని, తన వంతుకు తను దాటుతోంది.