ఇంజనుకు బలం పెంచితే గేర్‌బాక్సు మోస్తుందా?

ఈసారి మేము బడుల గురించి, తెలుగు మీడియం గురించి రాయడం లేదు. బండి గురించి రాస్తా ఉన్నాము. కొంచెం పొడుగు రాత, తీరిక చూసుకొని చదవండి.

మన హొసూరులో బండి మాట ఎవరికీ కొత్త కాదు. ఒక పక్క లేలాండు, ఇంకొక పక్క టీవీఎస్సు, నడుమ సిప్కాట్ షెడ్లు. మన సంఘంలో ఎవరింటికి పోయినా ఒక ఫిట్టరో, టర్నరో, డ్రైవరో కనబడతాడు. మేము అన్నదమ్ములం ఇద్దరమూ గేర్‌బాక్సులు విప్పి బిగించే పని మీదనే పిల్లల్ని చదివించుకొన్నాము. అందుకే మన పిల్లకాయలు ఈ మధ్య ఎక్కడ కలిసినా ఒకటే అడుగుతా ఉన్నారు: "మామా, ఆటోమేటిక్ బండికి రీమ్యాప్ చేయిస్తే, కంపెనీ గేర్‌బాక్సు తట్టుకుంటుందా?"

రీమ్యాప్ అంటే తెలియని పెద్దల కోసం ఒక మాట. ఇప్పటి ఇంజన్లలో పెట్రోలు ఎంత పోయాల, టర్బో ఎంత గాలి తొయ్యాల అనేది ఒక చిన్న కంప్యూటరు చెబుతుంది. ఆ కంప్యూటరులో లెక్క మార్చేస్తే, ఒక్క బోల్టు విప్పకుండానే ఇంజను బలం పాతిక ముప్పై శాతం పెరుగుతుందని చెబుతారు. టర్బో బండ్లలో అది అబద్ధం కూడా కాదు. బెంగళూరులో సందుకొక అంగడి ఉంది.

మా అక్క కొడుకు కూడా ఇదే అడిగినాడు. ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం, సెకండ్ హ్యాండులో టర్బో పెట్రోలు ఆటోమేటిక్ కారు కొన్నాడు, లోను ఇంకా నాలుగేండ్లు ఉంది. ఆ కారులోనే మా అక్కను, బావను ఎక్కించుకొని ఏడాదికి రెండుసార్లు పలమనేరు మీదుగా మొగిలి ఘాటు దిగి తిరుపతికి పోతాడు. కాబట్టి ఇది మాకు ఊరికే మాట్లాడుకొనే విషయం కాదు.

వాడు మొదట చెప్పిన మాట: "మామా, హార్స్ పవర్ 110 నుంచి 140 అవుతుందంట." మేము అడిగినాము, "టార్క్ ఎంత అవుతుందిరా?" అది వాడు చూడలేదు. పిల్లలందరూ ఇక్కడే దారి తప్పుతారు. గేర్‌బాక్సుకు హార్స్ పవర్ తెలియదు. దానికి తెలిసింది మెలిక, అంటే టార్క్. చక్రం నట్టు బిగుసుకొనిపోతే పానా మీద కాలు పెట్టి తొక్కుతాము కదా, అప్పుడు బోల్టు తెగేది మన వేగానికి కాదు, మన బరువుకు. హార్స్ పవర్ అంటే ఆ మెలికను నిమిషానికి ఎన్ని చుట్లు తిప్పుతామో దానితో గుణించిన లెక్క. అదే టార్కును ఎక్కువ చుట్ల దాకా లాగి పవరు తెచ్చుకొంటే గేర్‌బాక్సు పెద్దగా నొచ్చుకోదు. టర్బో రీమ్యాపు చేసేది అది కాదు. 1,800 చుట్ల దగ్గరే మెలికను అమాంతం పెంచుతుంది. తొక్కిన వెంటనే వెన్ను సీటుకు అతుక్కొంటుందే, ఆ సుఖానికి బిల్లు కట్టేది గేర్‌బాక్సు.

ఇది మా సొంత భయం అనుకోవద్దు. కంపెనీ వాళ్ళు రాసిన అంకెలే చూడండి. 2016లో మన దేశంలోకి వచ్చిన స్కోడా సూపర్బ్ 1.8 పెట్రోలు బండికి మాన్యువల్ గేర్లతో టార్క్ 320 న్యూటన్ మీటర్లు. అదే ఇంజను, అదే 180 హార్స్ పవర్, ఏడు గేర్ల ఆటోమేటిక్‌తో తీసుకొంటే 250. ఇంజనుకు చేతకాక తగ్గలేదు. అందులో పెట్టిన డీక్యూ200 అనే డ్రై క్లచ్చు గేర్‌బాక్సును కట్టిందే 250కి. ఇంజనీర్లు ఇంజను నోరు నొక్కి, ఆ గీత దాటకుండా ఆపినారు. కుషాక్ 1.5 కూడా చూడండి, దాని టార్క్ సరిగ్గా 250. అదే కంపెనీ ఆయిల్లో మునిగి పనిచేసే క్లచ్చుతో కట్టిన డీక్యూ250 గేర్‌బాక్సుకు గీత 350. పేరు చివర రెండొందల యాభై అని ఉన్నా మోసేది మూడొందల యాభై, అంకె చూసి మోసపోవద్దు.

అంటే ఆటోమేటిక్ బలహీనం, మాన్యువల్ గట్టిది అని పెద్దవాళ్ళు తల ఊపుతా ఉంటారు. అదీ కాదప్పా. 2021 ఫార్చ్యూనర్ డీజిలు మాన్యువల్‌లో 420 ఉంటే ఆటోమేటిక్‌లో 500 ఇచ్చినారు. థార్ పెట్రోలు మాన్యువల్ 300, ఆటోమేటిక్ 320. ఎక్స్‌యూవీ 700 డీజిలు 420, 450. ఇక్కడ మాన్యువల్ దగ్గరే నోరు నొక్కినారు. ఆటోమేటిక్ కాబట్టి మోస్తుంది, ఆటోమేటిక్ కాబట్టి మోయదు అనే మాటే లేదు. ప్రతి గేర్‌బాక్సుకూ ఒక గీత ఉంటుంది. మీ బండి గేర్‌బాక్సు కోడు ఏమిటి, దాని గీత ఎంత, మీ ఇంజను ఇప్పుడు ఎక్కడుంది అనే మూడు మాటలు తెలియకుండా అంగడి మెట్లు ఎక్కవద్దు.

మా మేనల్లుడి బండిలో ఉండేది టార్క్ కన్వర్టర్ రకం. ఇంజను టార్క్ 175 దగ్గర, గేర్‌బాక్సు గీత 250. రీమ్యాపు అంగడివాళ్ళు 220 అన్నారు. "చూడు మామా, ఇంకా ముప్పై మిగిలింది కదా" అని వాడి వాదన. మా ఇద్దరిలో చిన్నవాడు దానికి సగం ఒప్పుకొన్నాడు కూడా. పెద్దవాడు ఒప్పుకోలేదు. షెడ్డులో రెండు రోజులు ఇదే గొడవ.

లోపల ఏం జరుగుతుందో చెబితే ఆ గొడవ మీకు అర్థమవుతుంది. టార్క్ కన్వర్టర్‌లో ఇంజనుకూ గేర్లకూ నడుమ ఉండేది ఆయిలు. ఒక ఫ్యాను ఆయిలును తోస్తే, ఎదురుగా ఉండే ఇంకొక ఫ్యాను తిరుగుతుంది. నిలబడిన బండి కదిలేటప్పుడు ఈ ఏర్పాటు మెలికను దాదాపు రెండింతలు చేసి గేర్లకు ఇస్తుంది. ఆటోమేటిక్ బండి మెత్తగా ఎగబాకేది దాని వల్లనే. అంటే ఇంజను దగ్గర మనం 45 పెంచితే, సిగ్నలు దగ్గర కాలు గట్టిగా వేసినప్పుడు లోపల దానికి దాదాపు రెండింతలు పెరుగుతుంది. దాని వెనక కాగితం మందం లైనింగు అతికించిన పలుచని క్లచ్చు ప్లేట్లు వరసగా పేర్చి ఉంటాయి. గేరు మారిన ప్రతిసారీ ఆయిలు ప్రెషరు ఒక వరసను వదిలి ఇంకొక వరసను బిగిస్తుంది. బిగింపు చాలకపోతే ప్లేట్లు జారతాయి. జారితే వేడి. వేడికి ఆయిలు మాడుతుంది, మాడిన ఆయిలు ఇంకా జారనిస్తుంది. ఆయిలు వేడి పది డిగ్రీలు ఎక్కువైతే ఆయుష్షు సగం అనేది మా పనిలో పాత లెక్క.

ఇంకొక విషయం, రీమ్యాపు అంగళ్ళలో చాలామంది చెప్పనిది. గేర్‌బాక్సుకు వేరే కంప్యూటరు ఉంటుంది. ఇంజను కంప్యూటరు దానికి క్షణక్షణమూ కబురు పెడుతుంది, "నేను ఇప్పుడు ఇంత టార్క్ ఇస్తా ఉన్నాను" అని. ఆ మాట నమ్మి ఇది ప్లేట్ల మీద ప్రెషరు పెడుతుంది. గేరు మారే క్షణంలో "కొంచెం తగ్గించు" అని తిరుగు కబురు పంపుతుంది, ఇంజను తగ్గిస్తుంది. చేతకాని రీమ్యాపు చేసేవాడు ఇంజను బలం పెంచి, ఈ కబురు అంకెను మాత్రం పాతదే ఉంచుతాడు. ఇంజను 220 ఇస్తా 175 అని చెబుతుంది. గేర్‌బాక్సు 175కు సరిపోయే బిగింపే వేస్తుంది. గీత 250 అయినా ఏం లాభం? వస్తా ఉండే బరువు దానికి తెలియనే తెలియదు. మా షెడ్డుకు ఇట్లా వచ్చిన బండి ఒకటి ఉంది, ఎవరిదో, ఏ అంగడి పనో రాయము. మూడో గేరు నుంచి నాలుగుకు పోయేటప్పుడు ఇంజను అరుస్తుంది, బండి కదలదు. విప్పి చూస్తే ఒక వరస ప్లేట్లు బొగ్గు అయిపోయినాయి. రీమ్యాపుకు పెట్టిన దుడ్డు కంటే ఎన్నో రెట్లు ఆ రిపేరుకు అయింది.

సీవీటీ బండ్ల వాళ్ళు ఈ ఆలోచనే పెట్టుకోవద్దు. అందులో గేర్లు లేవు, రెండు పుల్లీల నడుమ ఉక్కు బెల్టు నొక్కుకొని ఉంటుంది, ఒకసారి జారితే పుల్లీ మొహం గీసుకొనిపోతుంది. ఏఎంటీ అయితే అది మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్చు తొక్కే కాలు మాత్రం మిషనుది. దాని బలమూ బలహీనతా మాన్యువల్‌వే.

మేనల్లుడు ఊరుకోలేదు. "అమెరికాలో వెయ్యి హార్స్ పవర్ బండ్లు ఆటోమేటిక్ గేర్‌బాక్సుతోనే రేసు కొడతాయి కదా మామా, అది కూడా పాతకాలం గేర్‌బాక్సులతో!" నిజమే. 1950లో వచ్చిన పవర్‌గ్లైడ్ అనే రెండు గేర్ల పెట్టె, 1964లో వచ్చిన టర్బో 400 ఇప్పటికీ డ్రాగ్ రేసుల్లో ఉన్నాయి. కానీ వాటిలో కంపెనీది అని చెప్పుకోదగినది పేరు, పెట్టె ఆకారము. షాఫ్టులు, ప్లేట్లు, కన్వర్టరు అన్నీ మార్చేసి ఉంటారు. రేసు పావు మైలు. మన రేసు హొసూరు నుంచి తిరుమల దాకా. మొగిలి ఘాటులో తిరుగు ప్రయాణం గుర్తు చేసుకోండి. ముందర లారీ నడక వేగంలో ఎక్కుతా ఉంటుంది, కారులో అయిదుగురు, డిక్కీ నిండా సామాను, ఏసీ. కన్వర్టరు లాకు పడదు, ఆయిలును చిలుకుతానే ఉంటుంది. కంపెనీ గీత పెట్టేటప్పుడు ఇట్లాంటి అరగంటలనూ లెక్కలోకి తీసుకొంటుంది. గీతకు కింద మిగిలిన ఆ జాగాను "వృథా" అని రీమ్యాపువాడు అమ్ముతాడు. అది ఘాటు కోసం దాచిపెట్టిన జాగా.

రీమ్యాపు వదిలేసి ఇంజనే పెద్దది వేస్తామనేవాళ్ళూ ఉన్నారు. పాత అంబాసిడర్‌కు 1.8 ఇసుజు ఇంజను వేసినప్పుడు కంపెనీ ఏం చేసింది? పాత నాలుగు గేర్ల పెట్టెను ఉంచలేదు, అయిదు గేర్ల ఇసుజు పెట్టె కూడా తెచ్చింది. ఇంకా చట్టం ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ వివరాలకు తేడాగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. ఆర్టీఓ అనుమతి లేని ఇంజనుతో ఘాటులో ఏదైనా జరిగితే ఇన్సూరెన్సువాళ్ళు మొదట వెతికేది ఆ కాగితమే.

సరే, మా ఇంటి గొడవకు వస్తాము. చిన్నవాడు ఒక మాట అన్నాడు: "ముందు గేర్‌బాక్సు ఎట్లా ఉందో చూద్దాము, ఆమీద వాదించుకొందాము." ఇది ఇద్దరమూ ఒప్పుకొన్నాము. కంపెనీ గేర్‌బాక్సు అంటే కొత్త గేర్‌బాక్సు అని అర్థం కాదు కదా. వాడి బండి 80,000 కిలోమీటర్లు దాటింది. పాత ఓనరు ఆయిలు మార్చిన బిల్లు ఒక్కటీ లేదు. "జీవితకాలం ఆయిలు" అని నమ్మి ఉంటాడు. ఎవరి జీవితకాలమో రాసి ఉండదు.

ఆదివారం పొద్దున బండిని లేపి, కింద ప్యాను విప్పినాము. ఎర్రగా రావాల్సిన ఆయిలు డికాక్షను రంగులో వచ్చింది. కొంచెం మాడిన వాసన. ప్యానులో ఉండే అయస్కాంతాలకు బూడిదరంగు పేస్టు ఉండడం మామూలే, అది ఉంది. ఇనుప రేకులు మాత్రం లేవు. ప్రాణం కొంచెం కుదుటపడింది. మేనల్లుడిని పిలిచి వేలితో తాకి చూడమన్నాము. వాడు వాసన చూసి, ఏమీ మాట్లాడలేదు.

ప్యాను విప్పితే మొత్తం ఆయిలు రాదు, చాలా భాగం కన్వర్టరులోనే ఉండిపోతుంది. అందుకే ఒక విడత పోసి, వెయ్యి కిలోమీటర్లు తిప్పి, మళ్ళీ దించి, మళ్ళీ పోసినాము. ఫిల్టరు మార్చినాము. రెండు నుంచి మూడుకు మారేటప్పుడు వచ్చే చిన్న కుదుపు పోయింది. "ఇదే రీమ్యాపు చేసినట్లు ఉంది మామా" అన్నాడు వాడు. లేదులే, సంతోషానికి అన్నాడు.

రీమ్యాపు కోసం దాచిన దుడ్డులో ఆయిలుకు, ఫిల్టరుకు పోగా మిగిలినది నాలుగు టైర్లకు అయింది. పోయిన నెల అక్కను, బావను తీసుకొని తిరుపతికి పోయి వచ్చినాడు. మన వాళ్ళలో ఇంకెవరైనా బలం పెంచాలనుకొంటే, అంగడికి పోయే ముందర బండిని ఒక ఆదివారం మా షెడ్డుకు తీసుకొని రండి. ఆయిలు చూడడానికి డబ్బులు తీసుకోము.