చెరువు పాచిలో కోట్ల వోల్టులు

చిన్నప్పుడు మా ఊరి చెరువులో కాళ్లకు చుట్టుకునే పాచిని లాగి గట్టున పడేసేవాణ్ణి. మొన్న సిడ్నీ రైల్లో ఆచార్య హాన్స్ కోస్టర్ గురించి చదువుతుంటే అదే గుర్తొచ్చింది. 1965లో ఆయన పరిశోధించింది అలాంటి నీటి పాచి మీదే, పేరు కారా ఆస్ట్రాలిస్. దాని కణాల్లో కొన్ని సెంటీమీటర్ల పొడవుంటాయి, ఎలక్ట్రోడు నేరుగా గుచ్చొచ్చు! కణపు పొర మందం సుమారు 5 నానోమీటర్లు, దానికి అటూ ఇటూ వోల్టేజి తేడా సుమారు 0.1 వోల్టు. ఇంతేనా అనిపిస్తుంది గానీ, లెక్కేస్తే మీటరుకు 2 కోట్ల వోల్టులు. వోల్టేజి ఓ హద్దు దాటితే కరెంటు ఒక్కసారిగా పొరలోంచి ఉరుకుతుందని ఆయన చూపించారు. దాన్నే పంచ్-త్రూ అన్నారు. అదే మనిషి తర్వాత నీళ్లు వడగట్టే కృత్రిమ పొరల మీదా పనిచేశారు. ఈసారి ఊరెళితే ఆ పాచిని మళ్లీ చేతిలోకి తీసుకుని చూడాలనుంది.