తీగ ఊడినా మోగాలి

నా కుట్టు డబ్బా పక్కన ఈమధ్య ఇంకో డబ్బా చేరింది. అందులో రంగురంగుల తీగలు, బియ్యపు గింజంత లోహపు ముక్కలు, ఒక పట్టకారు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివే మా అమ్మాయివి. ఇలాంటి చదువు చదివే పిల్లలు మీ ఇంట్లోనూ ఉంటే, ఆ తీగలు ఎక్కడెక్కడ కాళ్లకు తగులుతాయో నేను చెప్పక్కర్లేదు. అయినా ఈరోజు వాటి గురించే రాస్తున్నాను. మా అత్తమ్మ రాత్రులు వాటి మీదే ఆధారపడి ఉన్నాయి మరి.

అత్తమ్మకు డెబ్బై ఆరేళ్లు. సూర్యాపేట వైపు పల్లె నుంచి రెండేళ్ల కిందట ఎల్బీనగర్‌లో మా ఇంటికి వచ్చారు. మోకాళ్ల నొప్పులు. రాత్రి రెండుసార్లు లేవాలి, లేచేటప్పుడు ఎవరైనా చెయ్యి పట్టుకోవాలి. కానీ పిలవరు. "పొద్దంతా చేసి పండుకున్నరు, ఎట్ల లేపాలె" అంటారు. నోరు తెరిచి పిలవడానికి మొహమాటపడే మనిషి, మీట నొక్కడానికి మొహమాటపడరేమోనని మా అమ్మాయి ఒక గంట తయారు చేసింది. మంచం పక్కన మీట, గోడ వెంబడి తీగలు, మా గదిలో ఆర్డుయినో బోర్డు, దానికో బజర్. నేను ఇటు నుంచి బదులు నొక్కితే నానమ్మ దగ్గర చిన్న పచ్చ లైటు వెలుగుతుంది. "అమ్మ విన్నది, వస్తోంది" అని దాని అర్థం. మామూలు కాలింగ్ బెల్ కొంటే సరిపోయేది కదా అన్న మా వారికి ఆ పచ్చ లైటే జవాబు.

మూడు వారాలు బాగా నడిచింది. ఒకరోజు తెల్లవారి వెళ్లేసరికి అత్తమ్మ మంచం మీద కూర్చునే ఉన్నారు. "నొక్కిన బిడ్డా. లైటు రాలే. మంచి నిద్రల ఉన్నరేమో అనుకున్న." ఎంతసేపు అలా కూర్చున్నారో చెప్పలేదు. ఆ రాత్రి నుంచి మీట ముట్టుకోవడం మానేశారు. మళ్లీ గోడ పట్టుకుని నడక మొదలైంది. ఒకసారి పలకని గంటను వాళ్లు ఇక నమ్మరు.

మా అమ్మాయి బోర్డు విప్పింది. దాని మీద సూదుల్లా నిలబడ్డ పిన్నుల వరుస ఉంటుంది. పిన్నుకూ పిన్నుకూ మధ్య 2.54 మిల్లీమీటర్లు, అంటే అంగుళంలో పదో వంతు. రెండు కొసలకూ నల్లటి తొడుగులున్న రెడీమేడ్ తీగలు దొరుకుతాయి, వాటిని పిల్లలు జంపర్ వైర్లంటారు. పిన్నుకు తొడిగితే చాలు. అయితే వాటికి తాళం ఉండదు, ఒరిపిడితోనే నిలుస్తాయి. వేలాడే తీగ బరువు, చీపురు తగలడం, మంచం జరపడం, ఇవన్నీ కలిసి రోజుకింత లాగుతాయి. తొడుగు సగం పైకి జారినా చూడటానికి తగిలించినట్టే ఉంటుంది. కొన్నిట్లో అయితే ప్లాస్టిక్ చక్కగానే ఉండి లోపల తీగ తెగి ఉంటుంది.

టంకం పెట్టేస్తే పోదా అని అడిగాను. "గట్టిగానే ఉంటుందమ్మా. కానీ టంకం పాకినంత మేర తీగ పుల్లలా బిగుసుకుపోతుంది. కదిలితే సరిగ్గా ఆ అంచు దగ్గరే విరుగుతుంది" అంది. అందుకని తొడుగులు మనమే కట్టుకోవాలట.

ఆదివారం షాపులుంటాయో లేదోనని శనివారమే ఇద్దరం మెట్రో ఎక్కాం. దిల్‌సుఖ్‌నగర్ దాటి, ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్లో దిగి కోఠి గుజరాతీ గల్లీకి నడిచాం. జాకెట్టు హుక్కుల్లా లోహపు ముక్కలు పొట్లంలో పోసి ఇచ్చారు. దిల్‌సుఖ్‌నగర్ లైనింగు షాపుల్లో ఎంత బేరం చేస్తానో అక్కడ అంత మౌనంగా నిలబడ్డాను.

ఇంటికొచ్చాక పని నేర్పింది. తీగ కొసన రెండు మిల్లీమీటర్లు పైతోలు తీయాలి. లోహపు ముక్కకు రెండు జతల రెక్కలుంటాయి. ముందు జత రాగిని పట్టుకోవాలి, వెనక జత పైతోలును పట్టుకోవాలి. వెనక జత పట్టకపోతే లాగుడంతా సన్నటి రాగి మీదే పడుతుంది. పట్టకారుతో నొక్కి నల్లటి తొడుగులోకి తోస్తే టిక్కుమని కూర్చుంటుంది. తరువాత మెల్లగా లాగి చూడాలి. మల్లెపూలు కట్టిన చేతులకు ఇది కొత్తేమీ కాదు. బిగిస్తే కాడ తెగుతుంది, వదులైతే పువ్వు రాలుతుంది. మూడో తీగకు నాకు చెయ్యి కుదిరింది. నాలుగు తీగలనూ విడివిడి తొడుగుల్లో కాకుండా ఒకే తొడుగులో పెట్టాం, నాలుగింటి పట్టూ ఒకటవుతుందని. తీగను డబ్బాకు ముడివేసి కట్టాం, లాగుడు పిన్ను దాకా పోకుండా.

1960లలో చంద్రుడి మీదికి మనుషుల్ని తీసుకెళ్లిన అపోలో నౌకల కంప్యూటర్ జ్ఞాపకాన్ని అమెరికాలోని వాల్తమ్‌లో ఆడవాళ్లే చేత్తో తీగలు అల్లి తయారు చేశారట. తీగ అయస్కాంతపు రింగులోంచి వెళితే ఒకటి, పక్కనుంచి పోతే సున్నా. మా అమ్మాయి చెప్పగా విని ఆ పూట పట్టకారు కాస్త గర్వంగానే పట్టుకున్నాను.

అన్నిటికంటే నాకు నచ్చిన మార్పు ఇంకోటి ఉంది. ఇదివరకు మీట నొక్కితే కరెంటు దారి కలిసేది. ఇప్పుడు దారి ఎప్పుడూ కలిసే ఉంటుంది, నొక్కితే తెగుతుంది, తెగితే మోగుతుంది. కాబట్టి ఆ తీగ ఊడినా మోగుతుంది. మీ ఇళ్లలో పెద్దవాళ్లకు ఇలాంటిది పెట్టిస్తే ఈ సంగతి తప్పక అడగండి. పిలుపు అందకపోతే ఆ సంగతి మనకు తెలియాలి గానీ, చీకట్లో కూర్చున్న మనిషికి కాదు.

అత్తమ్మకు ఇదంతా చెప్పాం. తలూపారు గానీ మూడు రాత్రులు ముట్టుకోలేదు. నాలుగో రాత్రి రెండింటికి మోగింది. బదులు నొక్కి పరుగెత్తాను. ఆవిడ లేవబోవడం లేదు, పచ్చ లైటు వంక చూస్తున్నారు.

"ఊరికెనే నొక్కిన బిడ్డా, పలుకుతదా లేదా అని."

"పలికింది కదా అత్తమ్మా."

"పలికింది. ఇగ లేపు, బాత్రూముకు పోత."