కుండీలో వేలాడే ఊదా పందిరి

టోక్యో వెళ్లే మనవాళ్ల జాబితాలో ఫుజి పర్వతం, డిస్నీల్యాండ్, షిబుయా కూడలి తప్పకుండా ఉంటాయి. అవన్నీ చూశాక ఒక పూట మిగిలితే మాత్రం ఒమియా వెళ్లి రండి. టోక్యోకి ఉత్తరాన సైతామా నగరంలో ఉందిది. ఉయెనో స్టేషన్లో రైలెక్కితే అరగంట పైచిలుకు ప్రయాణం. అక్కడో పేట పేరే 'బోన్సాయ్ చో'. చిరునామాల్లో కూడా అదే రాసుకుంటారు!

మేం వెళ్లింది ఏప్రిల్ ఆఖరి వారంలో. చెర్రీ పూలు రాలిపోయి, విస్టేరియా విరగబూసే రోజులవి. అక్కడే ఉద్యోగం చేస్తున్న మా అన్నయ్య కూతురు తోడొచ్చింది. దారి పొడవునా ఒకటే ప్రశ్న: "వానలో ఎండలో హాయిగా పెరగాల్సిన చెట్టుని కుండీలో బంధించడం పాపం కాదా బాబాయ్?" మన దగ్గరా చాలామంది ఇదే అంటారు. ఇంట్లో బోన్సాయ్ ఉంటే ఎదుగుదల ఉండదని వాస్తు పేరుతో భయపెట్టేవాళ్లూ ఉన్నారు. సరే, చెట్లనే అడుగుదాం పద అన్నాను.

భూకంపం కట్టిన ఊరు

1923 సెప్టెంబరు 1న వచ్చిన కాంటో భూకంపం టోక్యోని నేలమట్టం చేసింది. దాంగోజాకా ప్రాంతంలో బోన్సాయ్ చెట్లు పెంచి బతికేవాళ్లు విశాలమైన జాగా, మంచి నీళ్లు, శుభ్రమైన గాలి వెతుక్కుంటూ ఇటు వచ్చారు. అలా 1925లో ఈ ఊరు మొదలైంది. ఇక్కడ ఇల్లు కట్టుకోవాలంటే అప్పట్లో షరతులుండేవి. కనీసం పది బోన్సాయ్ చెట్లు ఉండాలి. గేటు తెరిచే ఉంచాలి. మేడ కట్టకూడదు. ప్రహరీ బదులు మొక్కల కంచె వేసుకోవాలి. మేడ వద్దన్నది పక్కింటి చెట్టుకి ఎండ తగలాలనట! పాపమో కాదో గానీ, చెట్టు కోసం మనుషులు ఇల్లు తగ్గించి కట్టుకున్న ఊరు ఇంకోటి నేను చూడలేదు.

బాగా సాగిన రోజుల్లో ఇక్కడ ముప్ఫై దాకా తోటలుండేవి. యుద్ధకాలం చాలావాటిని మింగేసింది. ఇప్పుడు మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 2010లో పేట పక్కనే ఒమియా బోన్సాయ్ ఆర్ట్ మ్యూజియం తెరిచారు.

ఫుజి అంటే కొండ ఒక్కటే కాదు

విస్టేరియాని జపాన్‌లో 'ఫుజి' అంటారు. పలకడం ఒకటే గానీ, పర్వతం పేరు రాసే అక్షరాలు వేరు. సాతో, ఇతో, కతో లాంటి ఇంటిపేర్లలో చివర ఉన్నది ఈ పూల అక్షరమే. ఫుజివారా అంటే విస్టేరియా మైదానం. మనకి తామరెంతో వాళ్లకిది అంత.

ఇది చిక్కుడు కుటుంబానికి చెందిన తీగ. కాయ చూస్తే ఇట్టే తెలిసిపోతుంది, నూగు చిక్కుడులా ఉంటుంది. కాకపోతే విషం, నోట పెట్టకూడదు. బోన్సాయ్ చేసేవాళ్లకి దీంతో పెద్ద చిక్కుంది. మిగతా చెట్ల ఆకుల్ని చిన్నవి చేయొచ్చు. దీని ఆకు, పూలగుత్తి మాత్రం చెప్పినట్టు వినవు. అందుకే అరచేతిలో పట్టే విస్టేరియా బోన్సాయ్‌కి అందం రాదు. మోకాలెత్తు దాటి, లావుపాటి మాను, లోతైన కుండీ ఉంటేనే గుత్తులు కిందికి వేలాడే చోటుంటుంది.

గింజ నాటితే మొదటి పువ్వు చూడ్డానికి పదేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. అందుకే బాగా పూసే చెట్టు నుంచి తీసిన అంటుతోనో, పాత తీగ కట్టిన అంటుతోనో మొదలుపెడతారు.

కత్తెర ఎప్పుడు? ఎక్కడ?

ఒంటి నిండా గుత్తులతో నిలబడిన చెట్టుని చూసి మనం ముచ్చటపడతాం. దాని వెనక ఏడాది చాకిరీ ఉంది. పూలు వాడగానే గుత్తుల్ని తుంచేయాలి. లేదంటే కాయలు పట్టి చెట్టు బలమంతా లాగేస్తాయి. తర్వాత కొరడాల్లా తీగలు సాగుతాయి. కంగారుపడి వాటిని అయినకాడికి కత్తిరిస్తే మరుసటేడు పూలుండవు. కాస్త సాగనిచ్చి, ఎండాకాలంలో ఐదారు ఆకులుంచి కోస్తారు. అప్పుడా పొట్టి కొమ్మ మొదట్లో పూమొగ్గలు కడతాయి. చలికి ఆకు రాలాక రెండు మూడు మొగ్గలుంచి మళ్లీ తగ్గిస్తారు. ఉబ్బినట్టు గుండ్రంగా ఉంటే పూమొగ్గ, సన్నగా మొనదేలి ఉంటే ఆకుమొగ్గ. ఆ తేడా తెలీనివాళ్లు కత్తెర పట్టకూడదు.

కొమ్మని వంచాలంటే లేతగా ఉన్నప్పుడే తీగ చుట్టాలి. ముదిరితే పుటుక్కున విరుగుతుంది. పెద్ద కోత పెడితే దానికి లేపనం రాయాలి, లేకపోతే మాను కుళ్లుతుంది. వేళ్ల బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాల్లోంచి నత్రజని పట్టి ఇస్తాయి కాబట్టి నత్రజని ఎరువు పోస్తే ఆకులే ఆకులు, పూలు శూన్యం. భాస్వరం, పొటాష్ ఇవ్వాలి. కుండీ మార్చడం రెండు మూడేళ్లకోసారే. వేళ్లు కాస్త ఇరుగ్గా ఉంటేనే బాగా పూస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం నీళ్లు. ఇంత దాహం ఉన్న బోన్సాయ్ అరుదు. మండు వేసవిలో కుండీని నీళ్ల పళ్లెంలో నిలబెడతారు. రెండు రోజులు ఊరెళ్లాలంటే ఎవరికో అప్పగించి వెళ్లాల్సిందే. కుండీలో చెట్టు బందీ అనుకుంటాం. అసలు బందీ పెంచే మనిషే!

వెయ్యేళ్ల తీగకీ పందిరే

అదే రోజు మధ్యాహ్నం ఒమియా కోయెన్ స్టేషన్లో తోబు అర్బన్ పార్క్ రైలెక్కి ఫుజినో ఉషిజిమాలో దిగాం. అరగంట కూడా పట్టదు. వెయ్యేళ్లు పైబడిందని చెప్పే విస్టేరియా ఇక్కడుంది. 1955లో ప్రభుత్వం దీన్ని ప్రత్యేక ప్రకృతి స్మారకంగా ప్రకటించింది. పందిరి కింద నిలబడితే తల మీద ఊదారంగు జడలు, చెవుల్లో తేనెటీగల ఝుంకారం.

ఇది కుండీలో లేదు. నేల మీదే, స్వేచ్ఛగా ఉంది. కానీ చూడండి, దీన్నీ పందిరే మోస్తోంది. దీనికీ కొమ్మలు కోస్తారు, గుంజలు పాతుతారు. వదిలేస్తే ఏ చెట్టునో పెనవేసుకుని, దాని గొంతు నులిమి పైకి పాకే తీగ ఇది. మనుషులు తరతరాలుగా పట్టించుకున్నారు కాబట్టే ఇన్నేళ్లు ఈ అందంతో నిలిచింది. మా అమ్మాయి చాలాసేపు తలెత్తి చూసి, "అయితే భయపడాల్సింది కత్తెరకి కాదు బాబాయ్, పట్టే చెయ్యి ఆగిపోతే" అంది. ముప్ఫై తోటలు వేళ్ల మీద లెక్కకి వచ్చిన ఊరు చూసొచ్చాం మరి. బోన్సాయ్ చెట్టు పెంచినవాడి కన్నా ఎక్కువ కాలం బతకగలదు. వాడి తర్వాత నీళ్లు పోసేదెవరన్నదే అసలు ప్రశ్న.

మన మైదానాల్లో విస్టేరియా పూయడం కష్టం. దానికి ఆకు రాల్చి నిద్రపోయేంత చలి కావాలి. మిద్దె మీద సరదా తీరాలంటే కాగితం పూల చెట్టుతో మొదలుపెట్టండి. మన ఎండ దానికి బాగా పడుతుంది.

వెళ్లేవాళ్లకి: ఒమియా పేటకి జేఆర్ తోరో స్టేషన్ దగ్గర, ఐదు నిమిషాల నడక. గురువారం సాధారణంగా సెలవు. తోటల్లోకి వెళ్లాక ఫొటో తీసేముందు అడగండి, చాలాచోట్ల ఒప్పుకోరు. ఏటా మే 3 నుంచి 5 దాకా బోన్సాయ్ పండుగ జరుగుతుంది. ఉషిజిమా తోట మాత్రం పూల రోజుల్లోనే తెరుస్తారు. ఏప్రిల్ నెలాఖరుకి టికెట్ చూసుకుంటే రెండూ కలిసొస్తాయి.