బారసింగాల పచ్చిక

పులిని చూడటానికి భిలాయివాసులు దూరం పోనక్కరలేదు. మైత్రీబాగ్‌లో తెల్లపులి సైతం ఉన్నది. అయినను గత జనవరిలో మేము రెండు కుటుంబాలవారము కాన్హా జాతీయ వనానికి బయలుదేరాము. బేమెతరా, కవర్ధా దాటి చిల్ఫీ ఘాటు ఎక్కేసరికి మైకల్ కొండల చలి ఎముకలను తాకింది. పిల్లల వాంతుల ముచ్చట ఇక్కడ వ్రాయము. రాత్రికి ముక్కి ద్వారం చెంత బస.

తెల్లవారుజామున జిప్సీలో సాలవృక్షాల నడుమ సాగాము. పులి దర్శనమీయలేదు, బాట దుమ్ములో అడుగుజాడలు మాత్రం విడిచింది. పిల్లలు చిన్నబుచ్చుకున్నారు. అంతలో మంచుతెర తొలగి, పచ్చిక బయలులో బారసింగాల మంద కనిపించింది. మగవాటి కొమ్ములు ఆకురాల్చిన చెట్లవలె ఉన్నాయి.

గట్టినేలపై బ్రతికే ఈ జాతి 1970లో 66కు తగ్గింది; అవీ కాన్హాలోనే. క్రూరమృగాలు చొరకుండా కంచె కట్టి వాటిని పెంచారు. కూనలు దాగేది ఎత్తైన గడ్డిలోనే కనుక గడ్డినీ కాపాడారు. నేడవి వందల సంఖ్యలో ఉన్నాయి.

మాతో వచ్చిన బైగా మార్గదర్శి బయలువైపు చేయి చూపి, "మా తాతగారి ఊరు అక్కడే ఉండేది" అన్నాడు. వనం కోసం ఆ ఊళ్ళను తరలించారు. ఆ మాటలో నిష్ఠురం లేదు. మాకే తల దించుకోవలసి వచ్చింది. 1950లలో మన కర్మాగారం కోసం ఖాళీ అయినవీ ఊళ్ళే. మా సెక్టారు ఉన్నచోట ఏ ఊరుండేదో ఇన్నేళ్ళ కొలువులో మేమెన్నడూ విచారించలేదు.

తిరుగుదారిలో మా చిన్నమ్మాయి అదే అడిగింది. దుర్గ్ దీపాలు కనిపించేవరకు మేము జవాబు చెప్పలేకపోయాము.