నేలపట్టులో కెమెరా బేరం

"కెమెరా మారిస్తే పిట్టలు దగ్గరికొస్తాయటండీ?"

ఈ ప్రశ్న వేసి మా ఆవిడ చల్లగా వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను మాత్రం దాన్ని సంచీలో పెట్టుకుని నేలపట్టు దాకా మోసుకుపోయాను.

సంగతేమిటంటే, నా దగ్గరున్నది నికాన్ డి3200. 2012లో వచ్చిన రకం. పిల్లల పుట్టినరోజులూ, తీర్థాలూ, తిరనాళ్ళూ అన్నీ తీసింది పాపం. ఎగిరే పక్షి దగ్గరికొచ్చేసరికి మాత్రం మొరాయిస్తుంది. పిట్ట రెక్క విప్పుతుంది. కెమెరా "ఉండండి, చూస్తున్నాను" అన్నట్లు గురగురలాడుతుంది. తీరా చూస్తే బొమ్మలో ఆకాశమూ, ఓ మూల తోకా ఉంటాయి. అందుచేత మార్చాలి. దేనికి మార్చాలన్నదే చిక్కు.

వడపోయగా రెండు మిగిలాయి. ఒకటి 2015 నాటి డి7200. నాయుడుపేటలో మా బావమరిది పెళ్ళిళ్ళు తీసేవాడు దానితోనే. ఇప్పుడు అద్దం లేని కొత్తరకం కొనుక్కుని దీన్ని అమ్మజూపుతున్నాడు. రెండోది 2017 నాటి డి7500. దాన్ని చెన్నైలో ఒక దుకాణంలో రెండు రోజులకు అద్దెకు తీసుకున్నాను. ఇద్దరు పెళ్ళికూతుళ్ళను పక్కపక్కన కూర్చోబెట్టి చూడడం మర్యాద కాదు గాని, కెమెరాల విషయంలో తప్పులేదు గదా!

"ఇంకా అద్దం కెమెరా ఎందుకు సార్?" అన్నాడు దుకాణంలో కుర్రవాడు. అతని మాట కాదనలేను. 2020లో డి780, డి6 వచ్చాక నికాన్ వారు అద్దమున్న కెమెరా కొత్తది తేలేదు. మొదటిసారి కొనేవాడు అటే పోవాలి. కాని ఇంట్లో లెన్సులున్నవాడి లెక్క వేరు. నాకొక 70-300 జూమ్ ఉంది. పెట్టె అడుగున నాన్నగారి 50 మి.మీ. లెన్సు ఉంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

చెన్నై నుంచి సూళ్ళూరుపేటకు లోకల్ బండి ఉంది. 80 కిలోమీటర్ల పైచిలుకు. గుమ్మిడిపూండి దాటి తడ వచ్చేసరికి మన రాష్ట్రం. బావమరిది స్టేషనుకు వచ్చి, రాత్రికి అక్కడే లాడ్జిలో దిగబెట్టాడు. మర్నాడు తెల్లవారుజామున మోటారు సైకిల్ మీద బయలుదేరాం. దొరవారిసత్రం దగ్గర పెద్దరోడ్డు వదిలి పక్కకు తిరిగితే కాసేపట్లో నేలపట్టు.

1976 నుంచి ఇది పక్షుల రక్షణకేంద్రం. పెద్దదేమీ కాదు, సుమారు 459 హెక్టార్లు. చెరువులో మొలలోతు నీళ్ళలో చెట్లు, చెట్ల నిండా గూడబాతులు. వాన చినుకులు పడ్డాక అక్టోబరు ప్రాంతంలో చేరి, గూళ్ళు కట్టి, పిల్లలను పెంచుకుని వేసవి ముందు వెళ్ళిపోతాయి. వాటి రెట్ట కలిసిన నీళ్ళు పొలానికి ఎరువని ఊరివాళ్ళు మురిసిపోతారు. వాసన మాత్రం, చెప్పవద్దూ, మొదటి అరగంటా భరించాలి. తర్వాత అలవాటైపోతుంది.

ఇంకా మసకగానే ఉంది. గట్టు మీద మూడు కెమెరాలూ వరుసగా పెట్టాను. జూమ్ ఒక్కటే గనుక ఒకదాని తర్వాత ఒకదానికి తగిలించి చూస్తున్నాను. డి3200 కంట్లోంచి చూస్తే గవాక్షంలోంచి తొంగిచూసినట్లుంటుంది. బొమ్మలో అయిదుపాళ్ళు కనబడనే కనబడవు. మిగిలిన రెండింటిలో పట్టకం ఉంది, నూటికి నూరుపాళ్ళూ వెలుతురుగా కనిపిస్తుంది. ఈ తేడా దుకాణంలో దీపాల కింద తెలియదు సుమా! తెల్లవారకముందు చెరువు గట్టున తెలుస్తుంది.

ఒక గూడబాతు నీటి మీదికి దిగుతోంది. కాళ్ళు ముందుకు చాపి, రెక్కలు వెనక్కు విరిచి, పెళ్ళిపందిట్లోకి లావుపాటి పెత్తండ్రి వస్తున్నంత దర్జాగా. డి7500 సెకనుకు 8 బొమ్మల చొప్పున టకటకా కొట్టింది. ముడిబొమ్మలు 50 దాకా ఆగకుండా మింగగలదది. డి7200 సెకనుకు 6 కొట్టింది. 18 అయ్యేసరికి ఊపిరి తీసుకుంటుంది. కాని పక్షిని పట్టుకోవడంలో రెండూ సమానమే. నా పాతదానికి గురిచుక్కలు 11, వీటికి 51. అసలు సుఖం అక్కడుంది. పక్షి అటు వాలినా ఇటు వాలినా ఏదో ఒక చుక్క దాన్ని వదలదు.

మరి మా ఆవిడ ప్రశ్న? లెన్సు అదే, లోపలి బిళ్ళ కొలతా అదే. పక్షి మూడింటిలోనూ ఒకే సైజున పడింది. పైగా నా పాతదానిలో చుక్కలు 2 కోట్ల 42 లక్షలు; డి7500లో 2 కోట్ల 9 లక్షలే. దగ్గరికి రావడం అటుంచి, లెక్కకు ఓ మెట్టు దిగింది. ఈ సంగతి ఇంట్లో చెప్పాలా మానాలా అని చాలాసేపు ఆలోచించాను.

ఎండ ముదిరాక శ్రీహరికోట రోడ్డు మీదికి వెళ్ళాం. రెండు పక్కలా పులికాట్ సరస్సు. దూరంగా నీటి అంచున గులాబిరంగు గీత. అవే రాజహంసలు. ఏ కెమెరా పెట్టినా గీత గీతే. కాలినడకన బురదలో దిగి దగ్గరికి పోదామంటే అవి ముందే లేచిపోతాయి. కెమెరా కట్టేసి కళ్ళతో చూశాను.

అప్పుడు తీశాను నాన్నగారి లెన్సు. ఆయన గూడూరులో డ్రాయింగు మాస్టారు. చేత్తో తిప్పి గురిచూసుకోవలసిన పాతకాలపు లెన్సు అది. చుట్టిన జేబురుమాలు ఇంకా కర్పూరం వాసన వేస్తోంది. ఆయన పోయాక ఎనిమిదేళ్ళూ అది పెట్టెలోనే ఉంది. నా డి3200కు తగిలిస్తే కెమెరా వెలుతురు కొలవదు మరి. డి7500కు తగిలించాను. అదీ కొలవలేదు! పాత లెన్సు పట్టు తెలుసుకునే చిన్న మీట ఒకటుంటుంది, ఆ మోడలులో దాన్ని తీసేశారు. డి7200లో ఉంది. మెనూలో లెన్సు అంకెలు చెప్పి, రింగు తిప్పగానే లోపల సూచీ కదిలింది.

బావమరిది గాలికి చొక్కా రెపరెపలాడుతూ రోడ్డు వారగా నిలబడి ఉన్నాడు. "ఇటు చూడరా," అన్నాను. ఒక్కటే బొమ్మ తీశాను. నవ్వు సరిగ్గా కళ్ళలో పడింది.

"ఏం బావా, తేలిందా?" అన్నాడు.

తేలిందన్నాను. 8కి 6 తక్కువే, 50కి 18 తక్కువే. నాయుడుపేటలో రోజూ గూడబాతులు దిగవు. ఇంట్లో మనుషులు రోజూ ఉంటారు.

రాత్రి ఫోనులో మా ఆవిడకు చెప్పాను. తమ్ముడి కెమెరా అనగానే సంతోషిస్తుందనుకున్నాను.

"వాడు దాంతో ఎన్ని పెళ్ళిళ్ళు తీశాడో కనుక్కున్నారా?"

కనుక్కున్నాను. షట్టరు 92 వేలసార్లు కొట్టుకుంది. కంపెనీవారు పరీక్షించింది లక్షా 50 వేలకు.

"అయితే అయిదింట మూడువంతులు అరిగిపోయినట్లే. ధర కూడా ఆ లెక్కనే ఇవ్వండి. నా తమ్ముడని మొగమాటపడితే మీరే నష్టపోతారు."

వాడు పక్కనే ఉండి అంతా విన్నాడు. "మా అక్కతో నేను బేరమాడలేను బావా, నువ్వే చెప్పు," అన్నాడు. నేను చెప్పిన దానికి ఒప్పుకుని, పాత బ్యాటరీ ఒకటి ఊరికే ఇచ్చాడు.

మర్నాడు చెన్నైలో అద్దె కెమెరా తిరిగి ఇస్తే కుర్రవాడు అన్నీ లెక్కపెట్టుకుని, "ముందుమూత ఏది సార్?" అన్నాడు. పులికాట్ బురదలో ఎక్కడో ఉండాలి. దానికి వేరే డబ్బు కట్టి బయటపడ్డాను.