నొప్పి లేని గడ్డ

మా పత్తికొండ వైపు గడ్డ అనేది ముందు తిండి మాట. ఎర్రగడ్డ అంటే ఉల్లి, తెల్లగడ్డ అంటే వెల్లుల్లి, ఉర్లగడ్డ అంటే ఆలుగడ్డ. ఒంట్లో ఏది లేచినా అదీ గడ్డే. చీము పట్టినా గడ్డ, చంకలో బిళ్ళ కట్టినా గడ్డ, బాలింతకు పాలు నిలిచిపోతే పాలగడ్డ. ఒక్క మాట ఇన్నిటిని మోయడం భాషాభిమానిగా నాకు ముచ్చటే గానీ, డాక్టరు ముందు కూచున్నప్పుడు మాత్రం ఆ మాట ఏమీ చెప్పదు.

ఇక అది ఎక్కడ ఉందో చెప్పడానికి మాటే లేదు. మన ప్రబంధకవులు ఆ అవయవాన్ని కొండలతో, కుండలతో, జక్కవపిట్టలతో పోల్చి అలసిపోలేదు. అంతా బయటినుంచి చూసినవాళ్ళ వర్ణన. అది ఉన్న మనిషి తన చేతికి ఏం తగిలిందో చెప్పాలంటే మిగిలేది ‘ఇక్కడ’ అనే మాట, పైటమీద ఒక వేలు. 1991లో హైదరాబాద్‌లో కొందరు ఆడవాళ్ళు కలిసి రాసిన ‘సవాలక్ష సందేహాలు’ లాంటి పుస్తకాలు ఈ మౌనాన్ని కొంత కదిలించాయి. అవి మా ఇంటిదాకా రాలేదు. మా చిన్నమ్మ కూడా వేలు పెట్టే చూపించింది. “ఈడ ఏందో తగుల్తాంది పాపా.”

అప్పటికి ఆమెకు యాభై రెండు. శెనక్కాయ విత్తేటప్పుడు తగిలిందట, నాకు చెప్పింది సంక్రాంతికి. ఇన్ని నెలలు ఎందుకాగావంటే, “నొప్పి ల్యాదు కదా, నొప్పి ల్యాకుండా డాక్టరు కాడికి ఎందుకు పోవల్ల?” అంది. మధ్యలో కోత, ఆ తర్వాత కూతురి కాన్పు. తప్పుపట్టడానికి వీల్లేని జవాబు. మనకు తెలిసిన జబ్బులన్నీ నొప్పితోనో జ్వరంతోనో తలుపు కొట్టి వచ్చేవే. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1827 జూలై 6న కలరాతో పోయింది మా ఊళ్ళోనే, ఒక్క రోజులో. అలాంటి జబ్బుకు భయపడటం ఎవరూ నేర్పక్కర్లేదు. ఇది అలా కాదు. రొమ్ములో పుట్టే క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పే పెట్టదు. సాఫ్ట్‌వేర్‌లో మేం ఎక్కువ భయపడేది కూడా అలారం మోగించని లోపానికే.

తమాషా ఏమిటంటే, నొప్పి పెట్టేవి ఎక్కువగా భయపడక్కర్లేనివి. నెలసరికి ముందు రెండువైపులా బరువుగా, చేతికి గరుకుగా, పప్పులు పోసిన సంచిలా తగలడం హార్మోన్ల పని. నెలసరి అయ్యాక తగ్గిపోతుంది. తగ్గకుండా ఒకేచోట నిలిచిందంటే చూపించుకోవాలి. నాకు ఇరవైతొమ్మిదో ఏట బెంగళూరులో తగిలింది అలా నిలిచిన గడ్డే, గోలీలా నున్నగా, వేలు పెడితే జారిపోతూ. అల్ట్రాసౌండ్ తీశారు (ఆ వయసులో కణజాలం దట్టంగా ఉంటుంది, మామోగ్రామ్‌లో సరిగ్గా కనపడదు), సూది పరీక్ష చేశారు, ఫైబ్రోఎడినోమా అన్నారు. పడుచు వయసులో చాలా మామూలుగా వచ్చే గడ్డ అది, క్యాన్సర్ కాదు. నలభైల్లో అయితే నీటితిత్తులు ఎక్కువ. మొత్తమ్మీద చూపించుకోడానికి వచ్చిన గడ్డల్లో పదింట ఎనిమిదో తొమ్మిదో ఇలాంటివే. ఈ సంగతి మన ఊళ్ళలో ఎవరూ చెప్పరు. గడ్డ అనగానే చావు అనుకుంటారు కాబట్టే దాస్తారు.

చిన్నమ్మది గోలీ కాదు. గట్టిగా, అంచు తెలియకుండా, కదలకుండా ఉంది. పైన చర్మం నారింజ తొక్కలా చిన్న చిన్న గుంటలు పడింది. చనుమొన కొత్తగా లోపలికి తిరిగింది. ఇవి కనపడితే వారం కూడా ఆగకూడదు. పిండకుండానే ఒకవైపు మొననుంచి నెత్తురో, నీళ్ళలాంటిదో కారినా, మొనమీద మానని పొక్కు ఉన్నా, చంకలో గడ్డ తగిలినా అంతే. ముట్లుడిగాక కొత్తగా వచ్చిన ఏ గడ్డనైనా కాదని తేలేదాకా అనుమానించాల్సిందే. “మా ఇంట్లో ఎవరికీ లేదు” అన్న ధీమా కూడా పనికిరాదు, ఈ జబ్బు వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి కుటుంబంలో ఎవరికీ ఉండదు. ఉంటే మాత్రం తండ్రివైపు వాళ్ళనీ లెక్కపెట్టాలి.

కర్నూలుకు బస్సులో రెండు గంటలకు పైనే. వెళ్ళేముందు ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ, “సూది పొడిపియ్యద్దు, పాకుతుంది” అన్నారు. పాకదు. చేతితో పరీక్ష, స్కాను, సూదితో తీసిన ముక్క, ఈ మూడూ కలిస్తేనే అది ఏమిటో తేలేది. తేలకుండా కత్తి పెట్టడమే అసలు ప్రమాదం. చిన్నమ్మకు తేలింది. ఆపరేషన్, కీమో, తర్వాత రోజూ ఒక మాత్ర, ఐదేళ్ళపాటు. జుట్టు ఊడినప్పుడు ఏడవలేదు గానీ, శ్రావణమాసం పేరంటానికి ఎవరూ పిలవలేదని ఏడ్చింది.

ప్రతి నెలా అద్దం ముందు నిలబడి వేళ్ళతో తడుముకోమని అవగాహన పోస్టర్లలో ఉంటుంది. షాంఘైలో రెండు లక్షల అరవైఆరు వేల మంది మిల్లు కార్మికులతో చేసిన అధ్యయనం 2002లో వచ్చింది. అలా నేర్పినంత మాత్రాన చావులు తగ్గలేదు, అక్కర్లేని బయాప్సీలు పెరిగాయి. ముంబైలో టాటా మెమోరియల్ వాళ్ళు ఇంకో దారి పట్టారు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకొకసారి చేతితో పరీక్ష చేశారు. లక్షన్నర మందిని ఇరవై ఏళ్ళు గమనించి 2021లో ఫలితం చెప్పారు. యాభై దాటినవాళ్ళలో మరణాలు దాదాపు ముప్పై శాతం తగ్గాయి. అంతకంటే చిన్నవాళ్ళలో అలాంటి మేలు కనపడలేదు. మామోగ్రామ్ యంత్రం అందుబాటులో లేని ఊళ్ళకు నాకు ఆశ కలిగించిన ఫలితం ఇది. ఏ.ఎన్.ఎం. చేతులు మా ఊళ్ళోనూ ఉన్నాయి. ముప్పై దాటినవాళ్ళకు ఆ పరీక్ష ప్రభుత్వ కార్యక్రమంలో ఉంది కూడా. కావలసింది తలుపు వేసుకునే ఒక గది, అడిగే ధైర్యం. నెలనెలా తడుముకునే తంతు లేకపోయినా, మన ఒళ్ళు మామూలుగా ఎలా ఉంటుందో మనకు తెలిసుంటే చాలు, మారినరోజు పట్టుకోవచ్చు.

చిన్నమ్మ ఎడమచెయ్యి ఇప్పటికీ వాస్తుంది, చంకలో బిళ్ళలు తీసేశారు కాబట్టి. ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వదు, బిందె ఎత్తదు. మొన్న ఫోన్లో చెప్పింది. ఎదురింటి కోడలు, పాలిచ్చే పిల్ల, గడ్డ తగిలిందని వచ్చిందట. “నొప్పుందా అని అడిగినా. ఉంది, జరం గూడా ఉంది అనె. పాలగడ్డ అయ్యుంటాదిలే, అయినా పొయ్యి చూపిచ్చుకో, మాత్రలకు తగ్గకుంటే మళ్ళా పో, ఊరుకోవద్దు అని చెప్పినా.” ఆ పిల్ల అత్త పనుందని గొణిగితే, ఆస్పత్రిదాకా తోడు తనే వెళ్ళిందట.